మ్యాగ్ ఖాళీ అవ్వాలి కదా!

(డాలస్ శివారులో ఎయిర్‌సాఫ్ట్, అంటే ప్లాస్టిక్ గుళ్లు కాల్చే బొమ్మ తుపాకుల ఆట, ఆడే తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం, అక్షరరూపంలో)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలూ, సమోసాలు ఎక్కడికీ పోవు, కాసేపు ఓపిక పట్టండి.

ఇవాళ మాట్లాడాల్సింది ఒక్కటే విషయం. ఆటలోకి దిగేటప్పుడు ఒక్కొక్కరు ఎన్ని బీబీలు, అంటే ప్లాస్టిక్ గుళ్లు పట్టుకెళ్లాలి, ఎలాంటి మ్యాగజైన్‌లో, అంటే తుపాకీకి తగిలించే గుళ్ల డబ్బాలో పట్టుకెళ్లాలి? ఈ గొడవ వాట్సాప్‌లో ఎంతదాకా పోయిందో మీకు చెప్పక్కర్లేదు. "మా డబ్బులు పెట్టి కొనుక్కున్నాం, మా ఇష్టం వచ్చినన్ని కాల్చుకుంటాం" అని ఒక పక్క. "అసలైన సైనికుడి దగ్గర మ్యాగ్‌కి 30 తూటాలే ఉంటాయి, మనకీ అంతే ఉండాలి" అని ఇంకో పక్క. నాకు ఈ రెండు మాటలూ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే మైకు తీసుకున్నా.

నేను చెప్పేది ఇదీ. కాల్చేవాడి తుపాకీ మధ్యమధ్యలో ఆగాలి. అది ఆగిన ఆ రెండు మూడు క్షణాల్లో అవతలివాడు లేచి, ఈ చెట్టు చాటు నుంచి ఆ చెట్టు చాటుకి పరిగెత్తగలగాలి. ఆ పరుగు లేకపోతే ఇద్దరు మనుషులు రెండు దుంగల వెనక బోర్లా పడుకుని మధ్యాహ్నం దాకా ప్లాస్టిక్ చల్లుకోవడమే. మనం పెట్టే ప్రతి పరిమితినీ ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించాలి: దీనివల్ల తుపాకీ ఆగుతోందా, లేదా?

పిల్లల్ని మొదటిసారి తీసుకొచ్చిన అమ్మానాన్నలు కొందరు కనిపిస్తున్నారు. వాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ ఆట పుట్టింది జపాన్‌లో. అక్కడ మామూలు మనిషి చేతికి అసలు తుపాకీ రావడం చాలా కష్టం. అందుకని అచ్చం అలాగే కనిపించే బొమ్మ తుపాకులు తయారు చేసుకున్నారు. మొదట్లో స్ప్రింగుతోనో గ్యాస్‌తోనో నడిచేవి. 1991లో టోక్యో మారుయి కంపెనీ ఫ్రెంచి వాళ్ల ఫామాస్ రైఫిల్ నమూనాలో బ్యాటరీతో, మోటారుతో నడిచే తుపాకీ తెచ్చింది. దాన్నే ఏఈజీ అంటాం. ఇవాళ మీ పిల్లల చేతుల్లో ఉన్నవాటిలో చాలా భాగం దాని మనవలే. అందులోంచి వచ్చేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, అదే బీబీ. 0.20 గ్రాముల బీబీ సెకనుకి 100 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి సరిగ్గా ఒక జౌల్. ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది, ఎర్రగా కందుతుంది. కంటికి తగిలితే కన్ను పోవచ్చు. అందుకే రక్షణ కళ్లద్దాల విషయంలో నాతో బేరాలాడొద్దు. పిల్లలకైతే మూతికీ ముఖానికీ కూడా మాస్కు ఉండాల్సిందే.

ఇక మ్యాగజైన్ల దగ్గరికి వద్దాం. లోపల ఏముందో తెలియకుండా రూల్ పెడితే అది కాగితం మీదే ఉండిపోతుంది.

తుపాకీ కొన్నప్పుడు పెట్టెలో సాధారణంగా వచ్చేది హై-క్యాప్. 300 బీబీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడతాయి. లోపలంతా ఖాళీ డబ్బా. పైమూత తెరిచి బీబీలు గుమ్మరిస్తే నిండిపోతుంది. అడుగున ఒక పళ్లచక్రం ఉంటుంది. దాన్ని వేలితో గిరగిరా తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకుని, ఆ బలంతో బీబీలు పైకి ఎక్కుతాయి. కాసేపు కాల్చాక బలం తగ్గుతుంది, మళ్లీ తిప్పాలి. తిప్పడానికి పట్టేది ఒక్క క్షణం. మ్యాగ్ తియ్యక్కర్లేదు, చాటుకి రానక్కర్లేదు, కన్ను అవతలివాడి మీంచి తిప్పక్కర్లేదు. ఇక నడిస్తే గలగలమంటుంది, ఆ చప్పుడుకి పొదలో దాక్కున్నవాడు ఎక్కడున్నాడో ఇట్టే తెలిసిపోతుంది. దానికి పడాల్సిన శిక్ష అదే అనుకోండి.

మిడ్-క్యాప్ అలా కాదు. లోపల మెలికలు తిరిగిన సన్నటి గొట్టం, దాని పొడవునా ఒకటే స్ప్రింగు. బీబీలు వరసగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 70 నుంచి 150 దాకా పడతాయి. చప్పుడు చెయ్యదు, చక్రం ఉండదు. స్పీడ్ లోడర్‌తో, అంటే బీబీల్ని నొక్కి లోపలికి తోసే గొట్టంతో, కుక్కి నింపాలి. చివర్లో నాలుగైదు బీబీలు గొట్టంలోనే ఉండిపోతాయి, మ్యాగ్ తియ్యగానే జలజలా కింద పడతాయి. దానికి కంగారు పడకండి, తుపాకీ చెడిపోలేదు. మిడ్-క్యాప్ ఖాళీ అయిందంటే ఖాళీ అయినట్టే. చాటుకి రావాలి, పౌచ్‌లోంచి కొత్తది తియ్యాలి, పాతది ఎక్కడో దోపుకోవాలి.

మూడోది రియల్-క్యాప్, లో-క్యాప్ అని కూడా అంటారు. అసలు తుపాకీలో ఎన్ని పడతాయో ఇందులోనూ సుమారుగా అన్నే. ఎమ్4 రైఫిల్‌కి 30, ఏకే రైఫిల్‌కి 30. గ్యాస్ బ్లోబ్యాక్ రైఫిళ్ల మ్యాగ్‌లు కూడా సంఖ్యలో దాదాపు ఈ కోవవే. కాకపోతే లోపల గ్యాస్ ఉంటుంది కాబట్టి ఇటుకంత బరువు, ధర కూడా బరువే. గబగబా కాలిస్తే గ్యాస్ చల్లబడి శక్తి పడిపోతుంది. జనవరిలో ఇక్కడ ఉత్తరపు గాలి వీచినప్పుడు వాటితో దిగిన మనవాళ్ల అవస్థ మీరూ చూశారుగా. (నవ్వులు)

ఇప్పుడు కాస్త లెక్క. ఏఈజీ ఫుల్ ఆటోలో, అంటే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ఆగకుండా వచ్చేలా పెడితే, సెకనుకి 15 బీబీలు కాలుస్తుందనుకుందాం. రియల్-క్యాప్ 2 సెకన్లలో అయిపోతుంది. 120 పట్టే మిడ్-క్యాప్ 8 సెకన్లు. 300 పట్టే హై-క్యాప్ 20 సెకన్లు, మధ్యలో చక్రం తిప్పే ఆ క్షణాలు కలపకుండానే. అలాంటివి ఆరు ఒంటికి తగిలించుకున్నవాడి దగ్గర 1800 బీబీలు. ఇరవై సెకన్లపాటు ఆగకుండా వస్తుంటే మీరు పొద వెనకనుంచి లేస్తారా? నేను లెయ్యను. ఎవరూ లెయ్యరు. ఆట అక్కడే చచ్చిపోతుంది.

దీనికి ఇంకో కోణం ఉంది, నన్నడిగితే అదే అసలు కోణం. పెయింట్‌బాల్‌లో తగిలితే రంగు పడుతుంది, కాదనడానికి లేదు. హైదరాబాద్‌లో ఆఫీసు టీములతో వెళ్లి ఆడినవాళ్లకి అది తెలుసు. బీబీ రంగు మచ్చ పెట్టదు. తగిలిందని తగిలినవాడే చెయ్యెత్తి "హిట్" అని అరవాలి. అంపైర్ లేని గల్లీ క్రికెట్‌లో బ్యాట్ అంచుకి తగిలిందని బ్యాట్స్‌మనే ఒప్పుకుని నడిచెళ్లిపోవడం లాంటిది. మన ఆట మొత్తం ఆ నిజాయితీ మీదే నిలబడి ఉంది. ఒక బీబీ భుజానికి తగిలితే దట్టమైన జాకెట్ మీద తెలియకపోవచ్చు. అది సహజం. కానీ కాల్చేవాడి దగ్గర అంతులేనన్ని ఉంటే ఏం చేస్తాడు? "వీడు హిట్ చెప్పట్లేదు" అని ఇంకో ఇరవై దంచుతాడు. అవతలివాడికి మంట పుడుతుంది, ఒంటికీ మనసుకీ. అక్కడినుంచి మాటామాటా. 120తో ఆడేవాడు అదే చోట రెండు వేసి, ఆగి, చూస్తాడు. మాటామాటా పెరగడానికి పొగరు ఎంత కారణమో నిండు మ్యాగ్ కూడా అంతే కారణమని నా నమ్మకం.

సరే, అయితే 30కి దించేద్దామా? మిల్‌సిమ్, అంటే అసలు సైనికుల్లాగే ఆడే ఆట, ఇష్టపడే తమ్ముళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ల వాదన నాకు తెలుసు: అమెరికన్ పదాతి సైనికుడు మామూలుగా మోసేది 30 తూటాల మ్యాగ్‌లు ఏడు, మొత్తం 210, మనమూ అన్నే మోద్దాం. వినడానికి బాగుంది. కానీ ఆ 210 తూటాలు వేరు, మన 210 బీబీలు వేరు. అసలు తూటా వందల మీటర్లు పోతుంది, ఆకు అడ్డొచ్చినా లెక్క చెయ్యదు. మన బీబీ, గొట్టంలో ఉండే హాప్-అప్ రబ్బరు వెనక్కి తిప్పే తిరుగుడు వల్ల గాల్లో తేలుతూ 50, 60 మీటర్లు పోతే గొప్ప. మధ్యలో ఒక ఓక్ ఆకు అడ్డొస్తే అక్కడే రాలిపోతుంది. పక్కగాలి వీస్తే వంకర పోతుంది. అందువల్ల ఒక మనిషికి తగలడానికి మనకి ఎక్కువ బీబీలు కావాలి. టెక్సాస్ పొదల్లో, జూనిపర్ చెట్ల మధ్య, ఫుల్ ఆటోలో 30 బీబీలంటే 2 సెకన్లు కాల్చి 10 సెకన్లు మ్యాగ్ మార్చుకోవడం. ఇది సైనికుల అనుకరణా, మ్యాగ్ మార్చే పోటీయా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. సెమీ మాత్రమే, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క బీబీయే వచ్చేలా పెట్టుకుని ఆడితే రియల్-క్యాప్ అద్భుతంగా ఉంటుంది. అప్పుడు ప్రతి గుండూ ఆలోచించి వేస్తారు. మ్యాగ్‌లో ఎన్ని మిగిలాయో మనసులో లెక్క నడుస్తూ ఉంటుంది. కొత్త మ్యాగ్ ఎక్కించేముందు పక్కవాడికి కేక వేస్తారు, వాడు కాపు కాస్తాడు. అంటే మ్యాగ్ సైజునీ, కాల్చే పద్ధతినీ విడదీసి రూల్ రాయకూడదు. చాలాచోట్ల నిర్వాహకులు చేసే పొరపాటు ఇదే. ఒక కాగితం మీద "30 మాత్రమే" అని రాస్తారు, ఇంకో కాగితం మీద "ఫుల్ ఆటో ఓకే" అని రాస్తారు. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు.

తర్వాత సపోర్ట్ గన్నర్. ఈ పేరు చెప్పగానే మన గ్రూపులో అందరికీ మెషీన్ గన్ను మీద ప్రేమ పుట్టుకొచ్చింది. (నవ్వులు) ఎందుకంటే సపోర్ట్ గన్నర్‌కి బాక్స్ మ్యాగ్ అనుమతిస్తాం, అందులో వేలల్లో పడతాయి, మోటారే బీబీల్ని పైకి తోస్తుంది. అసలు ఎమ్249 మెషీన్ గన్‌కి తగిలించే బెల్టు పెట్టెలో ఉండేవి 200 తూటాలు. ఇక్కడ మాత్రం 2,500. ఆ పాత్ర ఆటకి అవసరమే. ఒకడు ఆగకుండా కాలుస్తుంటే అవతలివాళ్లు తల దించుకుంటారు, ఆ సందులో మిగతావాళ్లు ముందుకి పోతారు. కానీ పదిమందిలో ఒక్కడికే ఉండాలి. ఆ ఒక్కడి చేతిలో ఉన్నది నిజంగా మెషీన్ గన్ను నమూనానే అయి ఉండాలి. ఎమ్4కి కింద డ్రమ్ములాంటి పెద్ద మ్యాగ్ తగిలించుకుని "నేనూ సపోర్టే అన్నా" అంటే కుదరదు తమ్ముడూ. ఆ తుపాకీ బరువు, పొడవు, అది పట్టుకుని పరిగెత్తలేకపోవడం, అవే వాడి పరిమితి. తేలికైన తుపాకీకి డ్రమ్ము పెడితే ఆ పరిమితి పోతుంది, లాభం మాత్రం మిగులుతుంది.

స్నైపర్ల గురించి ఎక్కువ చెప్పను. బోల్ట్ లాగి లాగి కాల్చేవాడికి బీబీల పరిమితి పెట్టడం అనవసరం. వాడికి కావాల్సింది కనీస దూరం రూల్, అంటే మరీ దగ్గరున్నవాడి మీద కాల్చకూడదనే రూల్, అది ఇప్పటికే ఉంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఒంటి మీద ఉన్నవి అయిపోయాక ఎక్కడ నింపుకోవాలి? ఎక్కువమంది మొత్తం సంఖ్య మీద కొట్టుకుంటారు, ఈ ప్రశ్నని వదిలేస్తారు. ఐదు మిడ్-క్యాప్‌లు అని రూల్ పెట్టి, జేబులో బీబీల సీసా, స్పీడ్ లోడర్ తీసుకెళ్లనిస్తే వాడు పొద వెనక కూర్చుని మళ్లీ ఐదూ నింపుకుంటాడు. రూల్ ఉన్నా లేనట్టే. లోడర్లు, సీసాలు బేస్‌లోనే, అంటే వెనకుండే జట్టు స్థావరంలోనే ఉండాలి. నింపుకోవాలంటే వెనక్కి నడిచి రావాలి. ఆ నడకే అసలు ఖర్చు.

ఇంకా బాగుండే పద్ధతి ఉంది. ఒక్కో జట్టుకి బీబీలతో ఒక పెట్టె ఇచ్చి, దాన్ని మైదానం మధ్యలో ఎక్కడైనా పెట్టుకోనివ్వండి. ఆ పెట్టె దగ్గరే నింపుకోవాలి. అవతలి జట్టు వచ్చి పెట్టె పట్టుకుంటే ఆ గంట మీకు బేసే గతి. ఇలా పెడితే ఎన్ని సంగతులు జరుగుతాయో చూడండి. పెట్టెకి కాపలా కావాలి. పెట్టె మోసేవాడి రెండు చేతులూ ఖాళీగా ఉండవు, వాడికి రక్షణ కావాలి. తుపాకీ గురి బాగా లేదని ఎప్పుడూ వెనకబడే కుర్రాడు ఒక్కసారిగా జట్టుకి ముఖ్యుడైపోతాడు, వాడు పెట్టెతో రాకపోతే మిగతా పదిమందీ వట్టి తుపాకులతో కూర్చుంటారు. నా మటుకు నాకు ఈ ఆటలో అసలు మజా ఇదే.

కొత్తవాళ్ల సంగతి. పెట్టెలో వచ్చింది హై-క్యాప్ ఒక్కటే అయినప్పుడు, "మిడ్-క్యాప్ లేకపోతే రావద్దు" అంటే ఏమవుతుంది? ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుకుంటున్న కుర్రాళ్లు ఉన్నారు, వారాంతం ఖర్చులు లెక్కపెట్టుకుని వస్తారు. తుపాకీ, మాస్కు, బ్యాటరీ కొన్నాక ఇంకో ఐదు మ్యాగ్‌లంటే ఇంటిదారి పడతారు. అందుకని పాతవాళ్లం తలా రెండు మ్యాగ్‌లు ఆ రోజుకి అప్పివ్వాలి. ఎమ్4 రకం మ్యాగ్‌లు చాలా కంపెనీల తుపాకులకి సరిపోతాయి కాబట్టి అదేం కష్టం కాదు. ఏకే పట్టుకొచ్చినవాడికి మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి, వాటి కొలతలు కొంచెం మొండివి.

ఇక తనిఖీ. చూడలేని రూల్ పెట్టొద్దు. "హై-క్యాప్‌లో 120 మాత్రమే పోసుకో" అని చెప్తే ఎవడు లెక్క పెడతాడు? క్రోనో బల్ల దగ్గర తుపాకీ వేగం చూస్తాం కదా, అక్కడే మ్యాగ్‌లు కూడా బల్ల మీద పెట్టించండి. ఒక్కోటి ఊపండి. గలగలమంటే హై-క్యాప్, పక్కన పెట్టండి. మిగతా వాటిని లెక్కపెట్టి ఆ రోజు రంగు టేపు చుట్టండి. టేపు లేని మ్యాగ్ మైదానంలో కనపడకూడదు. అంతే. ఎలాగూ అక్కడే ఉన్నారు కాబట్టి ఆ మనిషి వాడబోయే బీబీతోనే వేగం కొలవండి. గ్యాస్ తుపాకుల్లో, గాలి సీసాతో నడిచే హెచ్‌పీఏ తుపాకుల్లో బరువైన బీబీ వేస్తే శక్తి పెరుగుతుంది. 0.20తో చూసినప్పుడు సాధువులా ఉన్నది 0.32 వేసుకున్నాక హద్దు దాటొచ్చు. మన బయటి మైదానంలో రైఫిల్ హద్దు 0.20తో సెకనుకి 400 అడుగులు, అంటే దాదాపు ఒకటిన్నర జౌల్. హెచ్‌పీఏ వాళ్లు గాలి ఒత్తిడి మార్చే రెగ్యులేటర్‌కి తాళం వేసుకోండి, ఎవరూ అనుమానించరు.

నేల గురించి ఒక మాట. మనం 60 మందిమి దిగితే, తలా 1800 అంటే 1,08,000 బీబీలు. 0.25 గ్రాముల చొప్పున 27 కిలోల ప్లాస్టిక్, ఒక్క లోడుకే. తలా 600 అయితే 9 కిలోలు. "బయో బీబీలే కదన్నా" అంటారు. అవి ఎక్కువగా పీఎల్‌ఏతో చేస్తారు. కంపోస్టు కర్మాగారంలో వేడి తగిలితే త్వరగా కరుగుతాయి గానీ, పొలం మట్టిలో నెమ్మదిగానే పోతాయి, ఏళ్లు పట్టొచ్చు. మనకి స్థలం ఇచ్చిన పెద్దాయన ఆవుల్ని మేపుకుంటాడక్కడ. ఆయన ముఖం కూడా చూడాలి కదా.

(సభలోంచి ఒక కుర్రాడు: "అన్నా, హై-క్యాప్ తెచ్చుకుని చక్రం తిప్పనని ఒట్టేస్తే?")

ఒట్టు బాగానే ఉంది గానీ, అవతలినుంచి నలుగురు దూసుకొస్తుంటే నీ వేలే నీ మాట వినదు. నువ్వొచ్చెయ్, నా మ్యాగ్‌లు రెండు నీకిస్తా.

(ఒక తల్లి: "ఇవి అచ్చం నిజం తుపాకుల్లా ఉన్నాయి. బయట ఎవరైనా చూస్తే?")

మంచి ప్రశ్న అడిగారమ్మా, ఇది ముందే చెప్పాల్సింది. ఇక్కడి చట్టం ప్రకారం అమ్మే తుపాకీకి గొట్టం చివర నారింజ రంగు ఉంటుంది. దాన్ని పీకడం, నల్లరంగు వెయ్యడం వద్దు. 2014లో క్లీవ్‌లాండ్ పార్కులో బొమ్మ తుపాకీతో ఉన్న 12 ఏళ్ల పిల్లాడిని పోలీసులు కాల్చేశారు. అది ఎయిర్‌సాఫ్ట్ పిస్టలే, దానికి ఆ నారింజ రంగు లేదు. రంగు ఉన్నా కూడా ధీమా వద్దు. ఇంటి గుమ్మం నుంచి మైదానం గేటు దాకా తుపాకీ సంచిలోనే ఉండాలి, మ్యాగ్ తీసేసి, బ్యాటరీ తీసేసి. అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో ఫోటోలు వద్దు, డ్రైవ్‌వేలో బావమరిదికి చూపించడం వద్దు. సెలవులకి వెళ్లేటప్పుడు హైదరాబాద్ సూట్‌కేసులో పెట్టడం అసలే వద్దు, కస్టమ్స్ వాళ్లకి ఇది ఆటవస్తువని నమ్మించేసరికి మీ సెలవులు అయిపోతాయి.

(ఇంకొకరు: "మరి వచ్చే ఆటకి రూల్ ఏంటండీ, తేల్చి చెప్పండి.")

చెప్తున్నా, రాసుకోండి. పొద్దున ఆటలు: మిడ్-క్యాప్‌లు 5, ఒక్కోదాంట్లో 120 లోపు. ఇళ్ల నమూనాలు కట్టిన వైపు సెమీ మాత్రమే, బయట పొదల్లో ఆటో ఉంటుంది కానీ చిన్న చిన్న బరస్టులే. సపోర్ట్ గన్ను పదిమందికి ఒకటి, పేర్లు ముందే ఇవ్వాలి. లోడర్లు బేస్ దాటకూడదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక ఆట రియల్-క్యాప్, పూర్తిగా సెమీ, మ్యాగ్‌లు 7. మిడ్-క్యాప్‌లు తప్ప వేరేవి లేనివాళ్లు వాటిలోనే 30 చొప్పున నింపుకోండి. "ఇందాక లెక్కపెట్టలేం అన్నారుగా" అని అడగబోతున్నారు, తెలుసు. ఈ 30 చొప్పున నింపడం బల్ల దగ్గర, నా ముందే జరుగుతుంది. మిడ్-క్యాప్‌లో ఒక్కోటీ వరసగా దిగుతుంది కాబట్టి లోడర్ ఎన్నిసార్లు నొక్కారో నాకు కనపడుతుంది. గ్యాస్ రైఫిళ్ల వాళ్లకి ఏడు మ్యాగ్‌లు లేకపోతే ఉన్నవాటినే బేస్‌కొచ్చి నింపుకోవచ్చు. పెట్టె ఆట సాయంత్రం. పెట్టె మొయ్యడానికి ఇద్దరు కావాలి, ఎవరొస్తారు? అదిగో, ఆ వెనక చెయ్యెత్తిన బాబూ, నీ పేరు సమోసాల బల్ల దగ్గరున్న అన్నయ్యకి ఇవ్వు.